ఖాళీగా ఉన్న కుడి పేజీ

సంచులు పదకొండూ ఉన్నాయా లేవా అని ఫారాల టీచరు మూడోసారి లెక్కపెట్టింది. ఉన్నాయి. ఎక్కడికి పోతాయి, వాటికేమైనా కాళ్ళున్నాయా? అయినా గాజు తలుపు అవతల ఆ పొడవాటి హాల్లో కూర్చున్న పిల్లల్ని లెక్కపెట్టే వీలు లేదు కనుక వాళ్ళ సంచుల్ని లెక్కపెట్టుకుంటోంది. వరండా గోడమీద గడియారం పన్నెండు చూపిస్తోంది. కాలేజీ ప్రవేశ పరీక్ష ఒంటిగంటకి అయిపోతుంది. మొదటి రెండు గంటలూ పరవాలేదు, పిల్లలు వచ్చినవి చేసుకుంటూ పోతారు. రానివన్నీ చివరికి దాచుకుంటారు కనుక అసలు పరీక్ష ఇప్పుడే మొదలవుతుంది. ఇప్పుడే తప్పులు పుడతాయి. తప్పు పుట్టే క్షణం ఎలా ఉంటుందో చూడాలని ఆవిడకి ఎప్పటినుంచో మహా కుతూహలం. చేసినవాళ్ళకి ఆ నిమిషంలో అది తప్పుగా కనబడదు కదా, మరి ఏమని కనబడుతుంది? ఒప్పు వేసుకునే బట్టలే తప్పు కూడా వేసుకుని వస్తుందా? ఇదేం పిచ్చి ఆలోచన అని తనలో తనే నవ్వుకుని, బెంచీ మీద కాస్త సర్దుకుని కూర్చుంది. బెంచీ ఇనపది. ఇన్ని పరీక్షలు పెట్టే కాలేజీవాళ్ళు, వెంట వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక్క మెత్తటి బెంచీ వేయించలేరా? లేక వెంట వచ్చినవాళ్ళకి కూడా ఇది పరీక్షేనా?

నిజానికి ఆవిడ ఉద్యోగం స్కూల్లో లైబ్రరీ చూసుకోవడం. ఆరేళ్ళ కిందట హెడ్మాస్టరు పిలిచి, "పై క్లాసు పిల్లలకి కాలేజీల గురించీ ఉద్యోగాల గురించీ ఎవరో ఒకరు చెప్పాలంట, పైనుంచి కాగితం వచ్చింది. మీ దగ్గర పుస్తకాలున్నాయి కదా, మీరే చెప్పేయండి" అన్నాడు. పుస్తకాలున్నవాళ్ళకి అన్నీ తెలిసి ఉంటాయని ఆయన నమ్మకం. తాళం చెవి ఉన్నవాడికి పెట్టెలో ఏముందో తెలియాలనేముంది? అయినా ఆవిడ సరేనంది. ఏ కోర్సు చదివితే ఏ పనిలోకి వెళ్ళచ్చు, ఏ ఫారం ఎప్పటిలోగా పంపాలి, ఎక్కడ సంతకం, ఎక్కడ ఫోటో, అన్నీ తనే ముందు నేర్చుకుని తర్వాత పిల్లలకి నేర్పింది. మూడో నెలకల్లా పిల్లలు ఫారాల టీచరని పేరు పెట్టేశారు. ఇంట్లో బస్సు డ్రైవరైన మొగుడు, "ఊళ్ళో పిల్లలందరికీ దారి చూపిస్తావు, నీ కళ్ళజోడు మాత్రం నెత్తిమీదే పెట్టుకుని ఇల్లంతా వెతుకుతావు" అని ఎగతాళి చేస్తాడు. పోనీలే, ఆయన మాత్రం రోజూ అదే రూటులో తిరుగుతూ కొత్త దారి ఏం కనిపెట్టాడు? ఆవిడ చెయ్యి అప్రయత్నంగా నెత్తిమీదికి వెళ్ళింది. కళ్ళజోడు అక్కడే ఉంది. తీసి పెట్టుకుంది.

కళ్ళజోడు పెట్టుకున్నాక ఒళ్ళో ఉన్న నోటుపుస్తకం స్పష్టంగా కనబడింది. నీలం అట్ట, మూలలు నలిగాయి, అట్ట మీద చిన్న నూనె మరక. స్క్రూడ్రైవరు అని అందరూ పిలిచే అమ్మాయిది. ఆ పిల్ల సంచిలో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు ఉంటుంది, క్లాసులో కుర్చీ కదిలినా, కిటికీ గడియ ఊడినా తనే బిగిస్తుంది. పొద్దున గేటు దగ్గర తనిఖీలో దాన్ని తీసి పక్కన పెట్టించారు, ఇప్పుడది పదకొండో సంచి పైజేబులో ఉంది. హాల్లోకి వెళ్ళబోతూ ఆ పిల్ల వెనక్కి తిరిగి వచ్చి, ఈ నోటుపుస్తకం ఆవిడ చేతిలో పెట్టింది. "ఇది సంచిలో పెట్టకండి టీచర్. మీ దగ్గరే ఉంచుకోండి. మూడు గంటలు ఖాళీగా కూర్చుంటారు కదా, చూస్తూ ఉండండి." అని తుర్రుమంది. మిగతా పిల్లలు వెళ్ళే ముందు ఆశీర్వదించమన్నట్టు మొహాలు పెట్టారు గానీ, ఈ పిల్ల మాత్రం హోంవర్కు ఇచ్చినట్టు ఇచ్చి వెళ్ళింది. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడెందుకో రావడం లేదు.

అది తప్పుల నోటు. ఆవిడ దగ్గర ప్రవేశ పరీక్షలకి తయారయ్యే పిల్లలందరికీ ఒకటి ఉంటుంది. అందులో సరిగ్గా చేసిన లెక్క ఒక్కటి కూడా ఉండకూడదు. ఎడమ పేజీలో తప్పు, దాని మీద ఇంటూ గుర్తు. కుడి పేజీలో, ఆ తప్పు చేస్తున్నప్పుడు ఏమనుకున్నారో రాయాలి. సరైన జవాబు ఎక్కడా రాయక్కర్లేదు, అది పుస్తకాల్లో దొరుకుతుంది. ఏమనుకున్నారన్నది ఇంకెక్కడా దొరకదు. మొదట్లో లెక్కల మాస్టారు ముక్కున వేలేసుకున్నాడు, తప్పుల్ని దాచుకోవడమేమిటండీ అని. ఆవిడకి మాత్రం ఆ కుడి పేజీలంటే ప్రాణం. నవలల కంటే బాగుంటాయి. 'ఆకలేస్తోంది, త్వరగా తేల్చేద్దామనుకున్నాను' అని ఒకడు. 'జవాబు మరీ చిన్నగా వచ్చింది, ఇంత కష్టపడితే ఇంత చిన్న జవాబు రాదనుకున్నాను' అని ఒకతె. ఎంత నిజం! ఆ వాక్యం చదివిన రోజు ఆవిడ అన్నం తింటూ కూడా దాని గురించే ఆలోచించింది. కష్టానికి తగ్గట్టు జవాబు పెద్దగా ఉండాలని తను మాత్రం అనుకోలేదా, ఇరవై ఏళ్ళు లైబ్రరీలో పుస్తకాల దుమ్ము దులిపి? ప్రతి శనివారం అన్ని నోట్లూ చదివేది. ఈ రెండు నెలలే చదవలేదు. ఫారాల కాలం, ఒక్కొక్కరికీ అయిదేసి కాలేజీలు, పదకొండు మందికి యాభై అయిదు ఫారాలు, రాత్రి కలలో కూడా సంతకం పెట్టాల్సిన గడులే.

చదవసాగింది. మొదటి పేజీల్లో తప్పులన్నీ పాతవే, ఆవిడ చూసినవే. తర్వాతవి కొత్తవి. నీటి తొట్టి లెక్కలో తప్పు, కుడివైపు: 'తొట్టికి చిల్లు ఉందని ముందే చెబితే మూసేసి నింపేదాన్ని కదా అనుకున్నాను.' ఆవిడ పైకే నవ్వింది. తలుపు దగ్గర కుర్చీలో కునుకుతున్న వాచ్‌మన్ కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు. ఈ పిల్ల తల్లి లిఫ్టు మెకానిక్కు. ఒకరోజు పనిబట్టలతోనే స్కూలుకి వచ్చింది, చేతులు తుడుచుకుంటూ, కుర్చీ మాసిపోతుందని నిలబడే మాట్లాడింది. "మా పిల్ల కాలేజీకి వెళ్తే నాకంటే బాగా బిగిస్తుందా మేడమ్?" అనడిగింది. బిగించదు, గీస్తుంది, లిఫ్టు ఎలా ఉండాలో కాగితం మీద గీస్తుంది అంది ఫారాల టీచరు. తల్లి చేతులు తుడుచుకోవడం ఆపింది. "గీసేవాళ్ళకి మా నడుముల సంగతి తెలీదు మేడమ్. స్క్రూ ఎక్కడో మూలకి పెడతారు, చెయ్యి దూరదు. బిగించడం తెలిసినవాళ్ళు ఒక్కళ్ళు గీస్తే మా అందరి నడుములూ బాగుపడతాయి. పంపిస్తా." అంతే, అయిదు నిమిషాల్లో తేలిపోయింది. ఆ కోర్సు ఉన్నది ఈ ఒక్క కాలేజీలోనే, సీట్లు ముప్ఫై. కిందటేడు ఇక్కడే తన శిష్యుడొకడు ఒక్క మార్కులో సీటు పోగొట్టుకున్నాడు. ఒక్కటంటే ఒక్కటి. వాడిప్పుడు ఎక్కడో ఏదో చదువుతున్నాడు, బాగానే ఉన్నాడు, కనిపిస్తే నవ్వుతాడు కూడా. ఆ నవ్వు చూసినప్పుడల్లా ఆవిడకి ఆ ఒక్క మార్కు ఎక్కడ జారిపోయిందో తెలుసుకోవాలనిపిస్తుంది. అడగలేదు.

చివరి నుంచి రెండో పేజీ తిప్పింది. ఎడమవైపు ఒక లెక్క. అది చూడగానే ఎరిగిన మొహం కనబడినట్టు ప్రాణం లేచొచ్చింది. లిఫ్టు మొదటి అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకి చేరడానికి పన్నెండు సెకన్లు పడుతుంది, అదే వేగంతో మొదటి అంతస్తు నుంచి ఎనిమిదో అంతస్తుకి ఎన్ని సెకన్లు? ఇది తను తయారుచేసిన సాధన పుస్తకంలో మొట్టమొదటి లెక్క. మిగతావన్నీ లెక్కల మాస్టారు ఇచ్చాడు గానీ ఇదొక్కటీ తనే వేసింది, పిల్లలు మొదట్లోనే బెదిరిపోకుండా ఏదైనా తేలికైనది ఉండాలని, తను బళ్ళో చదువుకున్నప్పటి లెక్క గుర్తుచేసుకుని. నాలుగుకి పన్నెండు, ఎనిమిదికి ఇరవై నాలుగు. ఆడుతూ పాడుతూ చెయ్యచ్చు. లెక్క కింద ఇరవై నాలుగు అని రాసి ఉంది, దాని మీద ఎర్రగా ఇంటూ గుర్తు ఉంది. కుడి పేజీ ఖాళీ.

ఇదేమిటి? జవాబుల పట్టీలో ఉన్నది ఇరవై నాలుగే కదా. సరైన జవాబుకి ఇంటూ పెట్టుకుందేమిటి ఈ పిల్ల? పోనీ పొరపాటున పెట్టుకుందనుకుంటే కుడి పేజీ ఎందుకు ఖాళీగా ఉంది? నలభై ఏడు తప్పులున్నాయి పుస్తకంలో, నలభై ఆరింటికి కుడివైపు నిండుగా రాసి ఉంది, ఒకచోట పట్టక అంచుల్లో కూడా రాసింది. ఈ ఒక్కదానికే నోరు పడిపోయిందా? పేజీని వెలుగుకేసి పట్టుకుని చూసింది, పెన్సిలుతో రాసి చెరిపేసిందేమోనని. ఏమీ లేదు. తెల్లగా, నున్నగా ఉంది. వేలితో తడిమింది. మళ్ళీ ఎడమ పేజీ చూసింది. ఇరవై నాలుగు. నాలుగు, ఎనిమిది, రెండింతలు, పన్నెండు, ఇరవై నాలుగు. ఎక్కడుంది తప్పు? ఎక్కడో ఉంది, ఉంటేనే ఆ పిల్ల ఇంటూ పెడుతుంది, ఊరికే పెట్టే రకం కాదు. వదులైన కుర్చీ స్క్రూని కూడా వదలని పిల్ల.

ఆవిడ తల ఎత్తింది. ఎదురుగానే లిఫ్టు ఉంది. ఇంతసేపూ ఎదురుగానే ఉంది. దాని నెత్తిమీద ఎర్రటి అంకె, ఒకటి. ఎవరో పైకి వెళ్తున్నారు కాబోలు, తలుపులు మూసుకున్నాయి. అంకె మారింది, రెండు. మారింది, మూడు. మారింది, నాలుగు. ఆగింది. ఆవిడ పెదాలు లెక్కపెట్టాయి. మారింది, మారింది, మారింది. మూడుసార్లు. నాలుగు కాదేమిటి? మొదటిది లెక్కపెట్టలేదా? మొదటిది మారడమేముంది, అక్కడే ఉంది కదా, బయలుదేరిన చోటు. తప్పు చూసి ఉంటాను, లిఫ్టు అంకెలకేం నమ్మకం అనుకుని లేచింది. "అన్నా, ఈ సంచులు ఒక్క నిమిషం చూస్తారా?" అంది. వాచ్‌మన్ కళ్ళు తెరవకుండానే, "లిఫ్టు స్టాఫ్‌కే మేడమ్" అన్నాడు. లిఫ్టు అక్కర్లేదు, మెట్లు చాలు. మెట్లయితే మోకాళ్ళు లెక్కపెడతాయి, మోకాళ్ళు అబద్ధం చెప్పవు. మొదటి అంతస్తు నుంచి రెండో అంతస్తుకి ఒక వరస. రెండు నుంచి మూడుకి ఇంకో వరస, ఇక్కడ ఆయాసం మొదలైంది. మూడు నుంచి నాలుగుకి మరొకటి. నాలుగో అంతస్తులో గోడకి చెయ్యానించి నిలబడింది. మూడు వరసలే ఎక్కింది. మూడు వరసలకి పన్నెండు సెకన్లయితే వరసకి నాలుగు. ఒకటి నుంచి ఎనిమిదికి ఏడు వరసలు. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. ఇరవై ఎనిమిది! కిటికీలోంచి బయట చెట్టు కొమ్మ మీద ఏదో పిట్ట అరుస్తోంది. ఇంత చిన్న విషయం. ఇంత చిన్న విషయం ఆరేళ్ళుగా మొదటి పేజీలో మొదటి లెక్కగా కూర్చుని, ఏడాదికి పదిమందిని, పన్నెండుమందిని పలకరించి పంపించింది. దాదాపు డెబ్భైమంది. ఆ డెబ్భైమందిలో ఒక్కరికైనా అనుమానం రాలేదా? వచ్చే ఉంటుంది. వచ్చి, పట్టీ చూసుకుని, టీచరుకి తెలియదా అనుకుని, తమ జవాబు కొట్టేసుకుని ఉంటారు. ఒక్క మార్కులో సీటు పోయిన వాడు కూడా.

సిగ్గేసింది. మెట్లమీద ఎవరూ లేరు గానీ మొహం వేడెక్కింది. గోడ పట్టుకుని దిగసాగింది. అయినా లోపల ఒక మూల కుతూహలం మాత్రం కూర్చునే ఉంది, దానికి సిగ్గూ లేదు ఎగ్గూ లేదు. నేనేమనుకున్నాను? ఇది నా తప్పయితే, చేస్తున్నప్పుడు నేనేమనుకున్నాను? పిల్లల్ని అన్నిసార్లు అడిగిందే, తనని తను అడగాల్సి వస్తే ఏమీ తోచలేదు. సాధన పుస్తకం టైపు చేసిన మధ్యాహ్నం గుర్తుంది. లైబ్రరీలో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. ఆ లెక్క టైపు చేసింది, జవాబు టైపు చేసింది. లెక్క చెయ్యలేదు. చెయ్యాల్సిన పనేముంది, జవాబు నోటికి వచ్చు. ఎలా వచ్చు? ఎవరు చెప్పారు? మూడో అంతస్తు దగ్గర ఆగింది. మెట్ల అంచున ఇత్తడి పట్టీ అరిగి మెరుస్తోంది. ఇలాంటి పట్టీలే ఉండేవి చిన్నప్పటి క్వార్టర్స్‌లో.

వాళ్ళ ఇల్లు నాలుగో అంతస్తు. స్నేహితురాలిది మొదటి అంతస్తు. లిఫ్టు లేదు. బళ్ళోంచి వచ్చి స్నేహితురాలి ఇంట్లో కాసేపు ఆడుకుని, అమ్మ పైనుంచి కేకేస్తే పరుగున ఎక్కేది. వరసకో పాట పాడేది. ఒక పాట, రెండో పాట, మూడో పాట, ఇల్లు. నాలుగో పాట ఎప్పుడూ మిగిలిపోయేది, దాన్ని గుమ్మంలో నిలబడి పాడితే అమ్మ, "లోపలికొచ్చి ఏడవ్వే" అనేది. ఆ మిగిలిపోయిన పాట! పదహారేళ్ళప్పుడు తన బళ్ళో లెక్కల మాస్టారు బోర్డు మీద ఇదే లెక్క రాసి, రెట్టింపు అని చెప్పి, ఇరవై నాలుగు చుట్టూ సున్నా చుట్టినప్పుడు, ఆ మిగిలిపోయిన పాటే గుర్తొచ్చింది. పాటలు మూడే కదా? నాలుగో అంతస్తుకి మూడు పాటలే కదా? చెయ్యి ఎత్తింది. పూర్తిగా ఎత్తలేదు, చెవిదాకా వచ్చింది. మాస్టారు మంచివాడు, కోప్పడేవాడు కాదు. వెనక్కి తిరిగి, "ఏమ్మా, అర్థం కాలేదా? రెట్టింపు, అంతే. రాసుకో. సిలబస్ చాలా ఉంది, టైము లేదు" అన్నాడు. చెయ్యి చెవి దగ్గర జుట్టు సర్దుకుంటున్నట్టు నటించి కిందికి దిగింది. రాసుకుంది. పరీక్షలో అదే వచ్చింది, అదే రాసింది, మార్కు కూడా పడింది. మార్కు పడ్డాక ఇంకా అనుమానమేముంటుంది? ముప్ఫై ఏళ్ళు ఆ మార్కు ఆవిడ లోపల భద్రంగా ఉండిపోయింది.

బెంచీ దగ్గరికి వచ్చింది. సంచులు పదకొండు. గడియారం పన్నెండూ నలభై. ఇప్పుడు అసలు భయం మొదలైంది. ఆ పిల్ల ఇంటూ పెట్టింది, బాగానే ఉంది. అయితే ఖాళీ పేజీ ఏం చెబుతోంది? తప్పని తెలిసి పెట్టిందా, తప్పేమోనని పెట్టిందా? ఎందుకంటే మొన్న చివరి క్లాసులో తనే, గట్టిగా, బల్ల గుద్ది మరీ చెప్పింది: "హాల్లో సొంత తెలివి వద్దు. అనుమానం వస్తే మనం నేర్చుకున్నదే పెట్టండి." ఈ లెక్కే రావాలని ఏముంది? వస్తుంది, ప్రతి ఏడూ ఇలాంటిదొకటి ఉంటుంది, ఒక మార్కు. ముప్ఫై సీట్లు. ఒక్క మార్కు. తల్లి నడుము. మూలకి పెట్టిన స్క్రూ. అసలు ఆ పిల్ల తన దగ్గరికి రాలేదా? ఎందుకు రాలేదు, అన్నిటికీ వచ్చే పిల్ల? ఆ ప్రశ్న పూర్తయ్యేలోపే జవాబు వచ్చి కూర్చుంది. వచ్చింది. నెల రోజుల కిందట, లైబ్రరీకి, ఇదే నీలం నోటు పట్టుకుని. తను ఇరవై మూడో ఫారం మీద ఉంది, తల ఎత్తలేదు. "టీచర్, ఒక్క నిమిషం, మొదటి లెక్క." "పట్టీలో జవాబు చూసుకో తల్లీ." "చూశాను టీచర్." "చూశావుగా, ఇంకేం మరి? ఫారాలు చాలా ఉన్నాయి, టైము లేదు." ఆ పిల్ల కాసేపు నిలబడింది. వెళ్తూ వెళ్తూ బీరువా తలుపు వదులుగా ఉంటే బిగించి వెళ్ళింది. టైము లేదు. అవే మాటలు, ఒక్క అక్షరం తేడా లేకుండా. మాస్టారు గొంతు తన నోట్లోంచి ఎలా వచ్చింది? జవాబుతోపాటు అది కూడా అప్పజెప్పి వెళ్ళాడా ఆయన?

గంట మోగింది. ఆవిడ లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. గాజు తలుపు తెరుచుకుని ముందుగా కెమెరా అని అందరూ పిలిచే అమ్మాయి బయటికి వచ్చింది. బేకరీ ఆయన కూతురు, పేజీ ఒక్కసారి చూస్తే చాలు అచ్చుపడిపోతుందని ఆ పేరు. మొహం వెలిగిపోతోంది. పరుగున వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "టీచర్! మీ మొదటి లెక్క వచ్చింది! అచ్చం అదే, అంకెలే మారాయి. అయిదో అంతస్తుకి ఇరవై సెకన్లు, పదో అంతస్తుకి ఎంత అని. చూడగానే రెట్టింపు, నలభై పెట్టేశా. పది సెకన్లు కూడా పట్టలేదు టీచర్, మీరు చెప్పినట్టే!" ఫారాల టీచరు నోరు తెరిచింది. నాలుగు వరసలకి ఇరవై, వరసకి అయిదు, తొమ్మిది వరసలు, నలభై అయిదు. కెమెరా అప్పటికే సంచి తీసుకుని, నీళ్ళ సీసా మూత తిప్పుతూ మిగతావాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. అంత సంతోషంగా ఉన్న పిల్లని చూసి ఇంత బాధపడటం ఆవిడకి ఇదే మొదలు.

స్క్రూడ్రైవరు అందరికంటే ఆఖరున వచ్చింది. తాపీగా, తలుపు కీలు వైపు ఓసారి చూసుకుంటూ వచ్చింది. ఆవిడ ముందు నిలబడి, ఒళ్ళో తెరిచి ఉన్న పేజీ చూసి, "చదివారా టీచర్?" అంది. "లిఫ్టు లెక్క ఏం పెట్టావు?" అంది ఆవిడ. "నలభై అయిదు. సొంత తెలివి వద్దన్నారు కదా, అందుకని రెండు నిమిషాలు ఆలోచించాను. తర్వాత, ఇది సొంత తెలివి కాదులే, అమ్మతోపాటు లిఫ్టు గుంతలోకి దిగి చూసిందే కదా అనుకున్నాను." ఆవిడ ఊపిరి వదిలింది. ఆ ఒక్క ఊపిరిలో ముప్ఫై సీట్లూ ఉన్నాయి. బెంచీ మీద ధబ్బున కూర్చుండిపోయింది. "నెల రోజులనుంచీ తెలుసా నీకు?" "తెలుసు టీచర్." "మరి ఈ పేజీ ఖాళీగా వదిలేశావేం? నలభై ఆరు రాసినదానివి." ఆ పిల్ల వింతగా చూసింది, ఇంత తెలిసిన విషయం అడుగుతున్నారేమిటన్నట్టు. "అది నా తప్పు కాదు కదా టీచర్. మీరేమనుకున్నారో నేనెలా రాస్తాను? మీరే రాయాలి. అందుకే ఇచ్చి వెళ్ళాను." అని పరీక్షకి తెచ్చుకున్న పెన్ను మూత తీసి అందించింది. ఆ మొహంలో ఎక్కడా నిష్ఠూరం లేదు, పట్టుబడ్డారన్న సరదా కూడా లేదు. ఉన్నదల్లా తెలుసుకోవాలన్న ఆత్రం, అచ్చం శనివారాల్లో తన మొహంలో ఉండే ఆత్రం.

పెన్ను తీసుకుంది. ఇంతమంది పిల్లలకి ఇంత తేలిగ్గా పురమాయించిన పని, తనకొచ్చేసరికి పెన్ను కదలలేదు. మొదటి మాట రాసి కొట్టేసింది. తర్వాత రాసింది. 'లెక్క చెయ్యలేదు. జవాబు గుర్తుందనుకున్నాను. నీ వయసులో నాకూ ఇది తప్పనిపించింది. చెయ్యి చెవిదాకా ఎత్తి దించేశాను. నువ్వు నా దగ్గరికి వచ్చి పూర్తిగా ఎత్తావు, నేనే చూడలేదు.' ఆ పిల్ల ఆవిడ భుజం మీదుగా వంగి చదివింది. రెండుసార్లు చదివింది. తర్వాత మెల్లిగా, "ఎందుకు దించేశారు టీచర్?" అంది.

వరండా చివర కెమెరా తన స్నేహితురాళ్ళకి లిఫ్టు లెక్క చెబుతోంది, చేత్తో గాలిలో అంతస్తులు చూపిస్తూ. రెట్టింపు అన్న మాట ఇంతదూరానికి కూడా వినబడింది. ఫారాల టీచరు నోటుపుస్తకం మూయకుండానే బెంచీ మీద పక్కకి జరిగి చోటు చేసింది. "చెబుతాను, కూర్చో. ముందు దాన్ని పిలు" అంది. "ఎవర్ని టీచర్?" "కెమెరాని. దానికి మొదట చెప్పాలి. తర్వాత అందర్నీ పిలుద్దాం. టైము ఉంది."